మనోభావాలు దెబ్బతింటే నేరమవుతుందా? మత విమర్శకూ ఎగతాళికీ మధ్య చట్టం గీసిన గీత

‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అంటూ ఎవరో ఒకరు పోలీస్ స్టేషన్ మెట్లెక్కని నెల ఉండదు. ఒకసారి సినిమా పోస్టరు, ఒకసారి హేతువాది ప్రసంగం, ఇంకోసారి ఎవరి వాట్సాప్ స్టేటసో. వెంటనే రెండు వాదాలు లేస్తాయి. ‘వాక్‌స్వాతంత్ర్యం ఉంది, ఏమైనా అంటాం’ అని ఒకరు. ‘మతం జోలికొస్తే జైలే’ అని మరొకరు. చట్టం చూస్తే ఈ రెండూ తప్పే. మనోభావాలు దెబ్బతినడం ఒక్కటే మన దేశంలో నేరం కాదు. అలాగని మతం గురించి ఏమన్నా చెల్లిపోదు. గీత ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. ఆ గీత పుస్తకంలో ఒక చోట, స్టేషన్‌లో మరో చోట ఉండటంతోనే తంటా అంతా.

ఒకే సంగతి మీద నాలుగు రకాల మాటలు

మన చర్చల్లో విమర్శ, ఎగతాళి, దూషణ, విద్వేషం కలగలిసిపోతాయి. ఒక ఊహాత్మక ఉదాహరణతో విడదీద్దాం. ఫలానా ప్రార్థనా స్థలంలో ఇచ్చే నీళ్లు తాగితే షుగరు జబ్బు తగ్గిపోతుందని ప్రచారం జరుగుతోందనుకోండి. ఏ మతానిదైనా సరే.

మొదటి మనిషి ఇలా రాస్తాడు: ‘ఈ నీళ్లతో షుగరు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. నమ్మి ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.’ ఇది విమర్శ. రెండో మనిషి ఓ కార్టూన్ వేస్తాడు: దేవుడే ఆస్పత్రి ఓపీ చీటీ పట్టుకుని క్యూలో నిలబడ్డట్టు. ఇది ఎగతాళి. భక్తుడికి మంట పుట్టిస్తుంది, కానీ లోపల ఒక వాదం ఉంది. మూడో మనిషి వాదం జోలికే పోడు. సరిగ్గా ఉత్సవం రోజున, ఊరేగింపు వచ్చే దారిలో, ఆ దైవాన్ని బూతులు తిడుతూ కరపత్రాలు పంచుతాడు. ఇది దూషణ. నాలుగో మనిషి దేవుణ్ని పక్కనపెట్టి మనుషుల మీదికి వెళ్తాడు: ‘ఆ మతంవాళ్లంతా ద్రోహులు, వాళ్లకి ఇళ్లు అద్దెకివ్వకండి, తరిమేయండి.’ ఇది విద్వేష ప్రసంగం.

మొదటి రెండూ సాధారణంగా నేరం కిందికి రావు. మూడోది భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 299వ సెక్షన్ కిందికి, నాలుగోది ప్రధానంగా 196వ సెక్షన్ కిందికి వస్తాయి. అన్నట్టు, ఈ ఉదాహరణలో చట్టానికి ముందుగా దొరికేది ఆ నీళ్లకు ప్రకటనలిచ్చినవాడే కావచ్చు. తాయెత్తులు, మంత్రాలు, మహిమలతో జబ్బులు నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది. ఆ చట్టం జాబితాలో మధుమేహం ఉంది.

రాజ్యాంగంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

19(1)(ఎ) అధికరణ భావ ప్రకటనా స్వేచ్ఛ ఇస్తుంది. 19(2) ఆ స్వేచ్ఛకు ఏయే కారణాలతో సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చో చెబుతుంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపణ. ఈ జాబితాలో ‘మత మనోభావాలు’ లేవు. కాబట్టి ఎగతాళిని శిక్షించే ఏ చట్టమైనా ‘శాంతిభద్రతలు’ అనే గుమ్మం గుండానే లోపలికి రావాలి.

25వ అధికరణ మతాన్ని అవలంబించే, ప్రచారం చేసుకునే హక్కుతోపాటు అంతరాత్మ స్వేచ్ఛనూ ఇచ్చింది. నమ్మకపోవడం కూడా అందులో భాగమే. 1976లో 42వ సవరణతో వచ్చిన 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అంటోంది. ఇది చేతిలో పెట్టుకుని ‘దేవుణ్ని తిట్టడం నా విధి’ అనేవాళ్లూ ఉన్నారు. అక్కడున్నది ప్రశ్నించే తత్వం గురించి, తిట్టడం గురించి కాదు.

లాహోర్ కరపత్రం నుంచి 295-ఎ దాకా

1860 నాటి శిక్షాస్మృతిలో ప్రార్థనా స్థలాలను పాడుచేయడం (295), మత మనోభావాలను గాయపరిచే ఉద్దేశంతో ఎవరికైనా వినబడేలా మాట్లాడటం (298) లాంటివే ఉండేవి. రాతలో మతాన్ని అవమానిస్తే పట్టుకునే సెక్షన్ విడిగా లేదు. 1924లో లాహోర్‌లో మహమ్మద్ ప్రవక్త వ్యక్తిగత జీవితం మీద ఓ కరపత్రం వెలువడింది. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద వర్గాల మధ్య వైరం పెంచాడంటూ 153-ఎ కింద కేసు పెట్టారు. గతించిన మత గురువును విమర్శించడం ఆ సెక్షన్ కిందికి రాదంటూ 1927లో లాహోర్ హైకోర్టు కేసు కొట్టేసింది. పెద్ద ఆందోళన రేగింది. అదే ఏడాది కేంద్ర శాసనసభ 295-ఎ సెక్షన్ తెచ్చింది.

ఆ బిల్లు మీద చర్చలో జిన్నా అన్న మాటను ఈనాటికీ న్యాయవాదులు ఉటంకిస్తారు. చారిత్రక పరిశోధన చేసేవాళ్లకు, మతం మీద నిజాయితీగా విమర్శ చేసేవాళ్లకు రక్షణ ఉండాలన్నది దాని సారం. ‘ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో’ అన్న షరతు సెక్షన్‌లో ఉండటానికి వెనకున్న ఆందోళన ఇదే. చట్టం వచ్చాక కూడా ప్రాణాలు నిలవలేదు. 1929లో రాజ్‌పాల్‌ను ఆయన దుకాణంలోనే పొడిచి చంపారు.

299వ సెక్షన్‌ను ముక్కలుగా విడదీస్తే

2024 జులై 1 నుంచి 295-ఎ పోయి బీఎన్‌ఎస్ 299 వచ్చింది. సారం మారలేదు. ‘ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా’ అన్న మాట చేరింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నేరం రుజువు కావాలంటే ప్రాసిక్యూషన్ నాలుగు సంగతులు చూపాలి.

మొదటిది ఉద్దేశం. మనసు నొప్పించాలన్న సంకల్పం ఉండాలి, అది ద్వేషబుద్ధితో కూడినదై ఉండాలి. నోరుజారడం, తెలియక అనడం, వాదన వేడిలో కటువుగా మాట్లాడటం సరిపోవు. రెండోది, గాయపడేది పౌరుల్లోని ఒక వర్గం మత మనోభావాలై ఉండాలి. పక్కింటి భక్తుడితో పడిన వ్యక్తిగత తగాదా లెక్కలోకి రాదు. మూడోది మాధ్యమం: మాట, రాత, సైగ, బొమ్మ, వీడియో, ఏదైనా సరే. నాలుగోది, ఆ మతాన్ని లేదా దాని విశ్వాసాలను అవమానించడం, లేదా అవమానించే ప్రయత్నం.

వీటిలో పస అంతా మొదటిదానిలోనే ఉంది. మనసులో ఉన్నదాన్ని చూసినవాళ్లెవరు? అందుకే కోర్టులు చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి అంచనా కడతాయి: ఏ భాష వాడాడు, ఎవరి ముందు, ఎప్పుడు, ఎక్కడ, మిగతా వ్యాసంలో ఏముంది. పై ఉదాహరణలోని ఆస్పత్రి కార్టూన్‌నే తీసుకోండి. హేతువాద పత్రికలో వ్యాసం పక్కన అచ్చయితే ఒక అర్థం. దాన్నే ఫ్లెక్సీ కొట్టించి పండగనాడు గుడికో మసీదుకో ఎదురుగా కడితే ఇంకో అర్థం. గీత బొమ్మలో లేదు, కట్టిన చోటులో ఉంది.

చాలామంది గమనించని లోపం ఒకటుంది. పరువు నష్టం సెక్షన్‌లో మినహాయింపుల జాబితా ఉంది. ప్రజాహితం కోసం చెప్పిన నిజం నేరం కాదని రాసి ఉంది. 299లో అలాంటి జాబితా లేదు. చరిత్రకారుడు, సంస్కర్త, వ్యంగ్య చిత్రకారుడు ముగ్గురూ ఆ ‘ద్వేషబుద్ధి’ అన్న మాట చాటునే తలదాచుకోవాలి.

సుప్రీంకోర్టు ఎక్కడ గీత గీసింది

1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం 295-ఎ చెల్లుతుందని తేల్చింది. ఆధారం ఇదీ: ఈ సెక్షన్ ప్రతి అవమానాన్నీ శిక్షించదు, ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో చేసిన తీవ్రమైన అవమానాన్నే శిక్షిస్తుంది, అలాంటిది శాంతిభద్రతలను చెడగొట్టే స్వభావం కలది.

మరుసటి ఏడాది తమిళనాడు నాస్తికోద్యమ నేత పెరియార్ కేసు వచ్చింది. 1953లో తిరుచ్చిలో ఆయన బహిరంగంగా వినాయకుడి మట్టి బొమ్మను పగలగొట్టారు. అది గుళ్లో పూజలందుకున్న విగ్రహం కాదు, మట్టి ముద్దే కదా అంటూ కింది కోర్టులు ఫిర్యాదును తోసిపుచ్చాయి. సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని ఒప్పుకోలేదు. ఒక వర్గం పవిత్రంగా చూసే వస్తువు ఎంత చిన్నదైనా చట్టం దృష్టిలో పవిత్రమైనదేనంది. అయితే ఘటన జరిగి అయిదేళ్లయిందని విచారణకు మాత్రం ఆదేశించలేదు. భక్తులు ఈ తీర్పు మొదటి సగాన్ని, నాస్తికులు రెండో సగాన్ని చెప్పుకుంటూ ఉంటారు.

మన దగ్గరి కేసు 2017 నాటిది. క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో, చేతుల నిండా కంపెనీల సరుకులతో ఓ వాణిజ్య పత్రిక ముఖచిత్రంగా వేసింది. దానిమీద అనంతపురం కోర్టులో ఫిర్యాదు దాఖలైంది, వారంట్లు జారీ అయ్యాయి. సుప్రీంకోర్టు కేసు కొట్టేస్తూ 1957 నాటి మాటనే మళ్లీ చెప్పింది: ద్వేషబుద్ధి లేకుండా, అనుకోకుండా నొప్పించినది ఈ సెక్షన్ కిందికి రాదు.

2025 మార్చి 28న, ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ పోస్టు చేసిన కవిత కేసులో కోర్టు ఇంకో ముఖ్యమైన కొలత గుర్తుచేసింది. మాటల ప్రభావాన్ని ధైర్యం, నిబ్బరం ఉన్న వివేకవంతుడి కళ్లతో చూడాలి, ప్రతి విమర్శనూ దాడిగా భావించేవాడి కళ్లతో కాదు. గుజరాత్ పోలీసులు పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేసింది. అందులో 299 కూడా ఉంది.

తీర్పుకంటే ముందే పడే శిక్ష

కోర్టులు ఇంత ఇరుగ్గా చదివిన సెక్షన్‌తో భయం దేనికి? కేసు నడిచే వరుస చూస్తే తెలుస్తుంది.

ఈ నేరం కాగ్నిజబుల్, అంటే వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చు. నాన్‌బెయిలబుల్ కూడా, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే. అయితే అడ్డుకట్టలూ ఉన్నాయి. కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(3) ప్రకారం మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందే, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో, 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చు. మాటలకు, రాతలకు సంబంధించిన కేసుల్లో ఈ దారే పట్టడం మంచిదని ఇమ్రాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేదనుకుంటే 35(3) కింద నోటీసు ఇవ్వాలి. పాత 41-ఎ నోటీసు ఇదే. చివరగా 217వ సెక్షన్: ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇవ్వనిదే కోర్టు 299 కేసును విచారణకు స్వీకరించకూడదు.

ఇక్కడే మెలిక ఉంది. ఆ ప్రభుత్వ అనుమతి కోర్టు గుమ్మం దగ్గర కావాలి, అరెస్టు దగ్గర కాదు. కాబట్టి అనుమతి ఎప్పటికీ రాని కేసులోనూ మనిషి జైల్లో వారాలు గడపవచ్చు. హాస్య కళాకారుడు మునవ్వర్ ఫారుఖీని 2021 జనవరి 1న ఇందోర్‌లో అరెస్టు చేశారు. ఆ వేదిక మీద ఆయన అభ్యంతరకరమైన జోకు వేశాడా లేదా అన్నదే వివాదం. హైకోర్టు బెయిలు నిరాకరించింది. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. నేరం రుజువు కాకుండానే నెలకు పైగా జైలు. దీనికి తోడు ఒకే పోస్టు మీద వేర్వేరు రాష్ట్రాల్లో ఎఫ్‌ఐఆర్‌లు పడతాయి. 2022లో అప్పటి బీజేపీ అధికార ప్రతినిధి నూపుర్ శర్మ మీద, ఫ్యాక్ట్‌చెక్ జర్నలిస్టు మహమ్మద్ జుబేర్ మీద అలాగే పడ్డాయి. ఇద్దరి కేసులనూ ఢిల్లీకి మార్చమని సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. రాజకీయంగా ఆ ఇద్దరూ ఎదురెదురు కొసలు. పట్టిన ఉచ్చు మాత్రం ఒకటే.

2022 ఆగస్టులో హైదరాబాద్

ఒక ఎగతాళి ఇంకో ఎగతాళిని ఎలా లాక్కొస్తుందో హైదరాబాద్ చూసింది. ఆగస్టు 20న భారీ పోలీసు బందోబస్తు మధ్య మునవ్వర్ ఫారుఖీ ప్రదర్శన జరిగింది. ఆయన గతంలో హిందూ దేవతలను అవమానించాడంటూ గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ దాన్ని వ్యతిరేకించారు. ప్రదర్శన అయ్యాక, ప్రవక్త మీద వ్యాఖ్యలున్న వీడియో విడుదల చేశారు. పాతబస్తీలో నిరసనలు భగ్గుమన్నాయి. 23న పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. 41-ఎ నోటీసు నిబంధన పాటించలేదని అదే రోజు కోర్టు వదిలేసింది. 25న పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కింద మళ్లీ నిర్బంధించారు. నవంబరులో హైకోర్టు ఆ నిర్బంధాన్ని రద్దు చేసింది.

ఇందులో గమనించాల్సింది, ప్రభుత్వం 295-ఎ కేసును చివరిదాకా నడిపే ఓపిక చూపకుండా ముందస్తు నిర్బంధం వైపు మళ్లడం. 2018 జులైలోనూ ఇదే పోకడ. రాముడి మీద వ్యాఖ్యలకు సినీ విమర్శకుడు కత్తి మహేశ్‌ను, ఆ వ్యాఖ్యలకు నిరసనగా పాదయాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామిని, ఇద్దరినీ ఆరు నెలలు నగరం నుంచి బహిష్కరించారు. చూడటానికి సమన్యాయంలా ఉంటుంది. కానీ ఎవరి మాట నేరమో, ఎవరిది కాదో తేల్చే కష్టం ఎవరూ పడలేదు. 1989లో ఎస్.రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకు విరుద్ధం: గొడవ చేస్తామని ఎవరో బెదిరించారని మాట్లాడేవాడి నోరు మూయించడం చట్టబద్ధ పాలన కాదు, వేదికకు రక్షణ ఇవ్వడం ప్రభుత్వం పని.

నాస్తికుడి మనోభావాల సంగతేమిటి?

299 ‘మత మనోభావాల’ను కాపాడుతుంది. నాస్తికుడికి మతం లేదు, కనుక ఆ సెక్షన్ అతనికి పనికిరాదు. ‘దేవుణ్ని నమ్మనివాళ్లు పశువులు’ అని వేదికమీద అన్నా అందులో పట్టు దొరకదు. ఇది ఒక వైపే తెరుచుకునే తలుపు. అయితే 196వ సెక్షన్ మతం, జాతి, భాష, కులం లాంటివాటితోపాటు ‘మరే ఇతర ప్రాతిపదిక మీదనైనా’ వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం నేరమంటుంది. నాస్తికులను తరిమికొట్టండని పిలుపిస్తే ఈ మాట ఆధారంగా వాదించే వీలుంది.

కాగితాల మీద కూడా వాళ్ల చోటు ఇరుకే. 2011 జనగణనలో మతం పేర్కొననివాళ్లు సుమారు 28.7 లక్షలు. వాళ్లంతా నాస్తికులని కాదు, మన లెక్కల్లో నాస్తికులకు విడి గడి లేదంతే. 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అన్న ఐచ్ఛికం ఉండాలని ఆదేశించింది.

చట్టం ఊసు లేకుండా ఆస్తిక నాస్తికులు కలిసి నడిచిన సందర్భం మన నేల మీదే ఉంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, దేవుడు లేడని గాంధీతో ముఖాముఖి వాదించారు. ఎవరూ ఎవర్నీ మార్చలేదు. కానీ గోరా కూతురి పెళ్లి సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. దళిత వరుడు, నాస్తిక వధువు. క్రతువులో దేవుడి పేరు బదులు సత్యం పేరు తలచడానికీ సిద్ధపడ్డారు. 1948లో ఆయన హత్య తర్వాత ఆ పెళ్లి అక్కడే జరిగింది. అవతలివాడి నమ్మకాన్ని మెచ్చుకోవడం ఇందులో లేదు. వాడి ఉద్దేశాన్ని శంకించకపోవడం ఉంది. 299 మనసులో వెతికేదీ ఆ ఉద్దేశాన్నే.

ఉంచాలా, తీసేయాలా

ఉంచాలనేవాళ్ల వాదన బలహీనమైనదేం కాదు. ఇక్కడ మతం అంటే ఇంట్లో ఉండే అభిప్రాయం కాదు. పేరు, పెళ్లి, వీధి, శ్మశానం అన్నిటా ఉంది. సంఖ్యలో తక్కువైన వర్గాన్ని రోజూ హేళన చేస్తే అది జోకుగా మిగలదు, అద్దె ఇల్లు దొరక్కపోవడం దాకా వెళ్తుంది. రాళ్లు పడకముందు మాటలే పడతాయి. సెక్షన్ ఎత్తేస్తే గాయపడినవాడికి స్టేషన్ అనే దారి మూసుకుపోయి వీధి ఒక్కటే మిగులుతుందని వీళ్ల భయం.

తీసేయాలనేవాళ్లు చరిత్ర చూపిస్తారు. వేమన విగ్రహారాధనను వెటకరించినప్పుడు, వీరేశలింగం 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించినప్పుడు, త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తిరగరాసినప్పుడు ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదా? మనోభావమే కొలత అయితే సంస్కరణ మొదలే కాదు. పైగా ఎవరు ఎక్కువ గొడవ చేస్తే వాళ్ల గాయమే పెద్దదవుతుంది. నెమ్మదిగా ఉండే వర్గానికి చట్టమిచ్చే రక్షణ తగ్గుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది. 2012లో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో రూపొందిన రబాత్ కార్యాచరణ ప్రణాళిక ఆరు ప్రశ్నలు వేయమంటుంది: సందర్భం ఏమిటి, మాట్లాడినవాడి పలుకుబడి ఎంత, ఉద్దేశం ఏమిటి, మాట స్వరూపం ఏమిటి, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత. మన నాలుగు రకాల మాటలకు ఈ కొలత పెడితే కార్టూన్ తేలిగ్గా బయటపడుతుంది, ఇళ్లు ఇవ్వొద్దన్న పిలుపు దొరికిపోతుంది. కరపత్రం దగ్గరే నిజమైన చర్చ మిగులుతుంది. నా లెక్కలో సెక్షన్ మాటలు మార్చడంకంటే ముందు జరగాల్సింది ఒకటే: 217 కింద ప్రభుత్వ అనుమతిని అరెస్టుకు ముందుకు జరపడం. ఏళ్ల తరబడి కోర్టులు చెబుతున్నది స్టేషన్ దాకా చేరడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

బయటి దేశాలూ ఒక్క దిక్కున లేవు. ఇంగ్లండ్ 2008లో దైవదూషణ నేరాన్ని రద్దు చేసింది. డెన్మార్క్ 2017లో రద్దు చేసి, 2023లో మత గ్రంథాలను బహిరంగంగా అవమానించడాన్ని మళ్లీ నిషేధించింది. ఫ్రాన్స్‌లో మతాన్ని ఎంతైనా వెక్కిరించవచ్చు, మతం పేరుతో మనుషులను అవమానిస్తే నేరం. పాకిస్తాన్‌కు కూడా 1927 నాటి 295-ఎ వారసత్వంగా వచ్చింది. 1986లో అక్కడ చేర్చిన 295-సిలో మరణశిక్ష ఉంది, ‘ద్వేషబుద్ధి’ అన్న షరతు లేదు. ఆ ఒక్క షరతు ఉండటానికీ లేకపోవడానికీ ఎంత తేడా ఉందో చూడాలంటే సరిహద్దు దాటితే చాలు.

1957 తీర్పు మీద న్యాయపరంగా ఓ చిక్కుముడి మిగిలే ఉంది. 1960లో రామ్ మనోహర్ లోహియా కేసులో, మాటకూ అశాంతికీ మధ్య దగ్గరి సంబంధం ఉండాలని సుప్రీంకోర్టు అంది. 2015లో ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను శిక్షించే ఐటీ చట్టం 66-ఎను కొట్టేసినప్పుడు చర్చ, ప్రచారం, ప్రేరేపణ వేర్వేరని, ప్రేరేపణ దాకా వెళ్తేనే ఆంక్ష అని చెప్పింది. ఈ కొలతకు 299 నిలుస్తుందా అన్నది న్యాయవాదుల్లో నలుగుతున్న ప్రశ్న. రామ్‌జీలాల్ మోదీ తీర్పు ఇచ్చింది అయిదుగురు. దాన్ని తిరగరాయాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనం, అంటే కనీసం ఏడుగురు న్యాయమూర్తులు కూర్చోవాలి.